గ్రామదేవతకు గోపురము

కృష్ణాతీరమునందలి యొక గ్రామమున, తూర్పు పొలిమేరయందు వేపచెట్టుక్రింద, తరతరములుగా ఎండకు నెండుచు వానకు దడియుచు, పసుపుపూతతో కుంకుమబొట్లతో వెలసియున్న పోలేరమ్మ శిలకు గర్భాలయమును, ముఖమండపమును, మూడంతస్తుల గోపురమును గట్టించి, ఆగమోక్తముగా నూతనవిగ్రహమును ప్రతిష్ఠింపవలెనని పెద్దలు తలపెట్టినప్పుడు ఇరువురు వృద్ధులమధ్య నడచిన సంవాదమిది. ఒకరు శ్రీవిద్యోపాసకులు, సంస్కృతపాఠశాలలో చిరకాలము బోధించిన శాస్త్రిగారు. ప్రతిష్ఠకు ముహూర్తము నిర్ణయింపుమని గ్రామస్థులు మొదట నాశ్రయించినది వారినే. రెండవవారు ఉన్నతపాఠశాలలో ప్రధానోపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి గైకొన్న మాష్టారు. ఆ యమ్మవారికి పూజారులైన కుమ్మరివారి యింట జన్మించి, చిన్ననాట మేనత్త తలపైని ఘటమువెంట ఊరంతయు దిరిగినవారు. శాస్త్రిగారి పాండిత్యమునందు నాకు గౌరవము. మాష్టారి పక్షమునందు నాకు మక్కువ. ఆ మక్కువను దాచుకొనక, ఇరువురి మాటలను యథాతథముగా నిచ్చట నుంచుచున్నాను.

శాస్త్రి: మాష్టారూ, ఊరంతయు ఏకగ్రీవముగా సంకల్పించిన ప్రతిష్ఠకు మీరొక్కరు విముఖులైయున్నారని విన్నప్పుడు నాకు విశ్వాసము కలుగలేదు. ఋగ్వేదము పదియవ మండలమునందలి 125వ సూక్తమున, వాగాంభృణి యను ఋషిక దర్శించిన యెనిమిది ఋక్కులలో, సర్వదేవతలను భరించునది, సర్వలోకములందు వ్యాపించియుండునది యొక్క శక్తియేయని తేటపడినది గదా! మార్కండేయపురాణమున పదుమూడు అధ్యాయములుగా వెలసిన దేవీమాహాత్మ్యమునందు అదే శక్తి మహిషుని, శుంభనిశుంభులను సంహరించి, మీదట లోకమునకు ఆపద వాటిల్లినప్పుడెల్ల వేఱువేఱు రూపములతో అవతరింతునని మాట యిచ్చినది. అనావృష్టి కాలమున తన దేహమునుండి పుట్టిన శాకములతో ప్రాణులను పోషించు శాకంభరి యట్టి రూపమే. శ్రీశైలమున భ్రమరాంబయై మనము కొలుచు భ్రామరియు నట్టి రూపమే. మన పొలిమేరను గాచు పోలేరమ్మ ఆ పరంపరలోనిది గాక మఱెక్కడిది? ఆమెకు మంత్రమును, నిత్యనైవేద్యమును, నీడయిచ్చు కప్పును సమకూర్చుట ఆమె సహజవైభవమును ఆమెకు సమర్పించుటయే యని నేను భావించుచున్నాను.

మాష్టారు: శాస్త్రిగారూ, మీ హృదయవైశాల్యమును నేనెన్నడును శంకింపలేదు. కాని యీ యేకత్వమును వివరించునప్పుడెల్ల త్రోవ యొక్కవైపునకే సాగుచున్నది. పోలేరమ్మ దుర్గయొక్క యంశమనుటకు అందఱును సంసిద్ధులే. దుర్గ పోలేరమ్మయొక్క యంశమని యనుటకు ఎవ్వరికిని నోరు రాదు. ఒక్కటియే యైనచో రెండు విధములను చెప్పవచ్చును గదా! మీరు పేర్కొన్న మాహాత్మ్యమునే తీసికొందము. రాజ్యము గోల్పోయిన సురథుడును, ఆలుబిడ్డలచేత వెడలగొట్టబడిన సమాధియను వైశ్యుడును, మేధసుని నోట దేవికథ వినిన పిమ్మట ఏమి చేసిరి? నదీతీరమున ఇసుకతిన్నెపై మట్టితో దేవీమూర్తిని జేసికొని, మూడేండ్లు ఆరాధించి, స్వదేహరక్తముతో దడిసిన బలి నర్పించిరని తుదియధ్యాయమే చెప్పుచున్నది. వారికి గోపురము లేదు, శిలావిగ్రహము లేదు, నడుమ నర్చకుడును లేడు. వేంకటగిరి పోలేరమ్మ జాతరయందు నేటికిని జరుగుచున్నది ఇదియే గదా! ప్రతి భాద్రపదమునను కుమ్మరి యింట మట్టితో అమ్మరూపు తయారగును. ఆ యిల్లు ఆమెకు పుట్టినిల్లు. చాకలివారి యింట అలంకారము జరుగును, అది మెట్టినిల్లు. ఉత్సవము ముగిసిన వెంటనే ఆ రూపును విడగొట్టుదురు, మఱుసటి యేటికి మఱల క్రొత్తమట్టి. పురాణమునందలి మట్టిమూర్తి పూజనీయమగుచో, కుమ్మరి చేతి మట్టిమూర్తికి మీ ప్రతిష్ఠవలన క్రొత్తగా గలుగవలసిన యోగ్యత యేమున్నది?

శాస్త్రి: మీరు పురాణమును సూక్ష్మముగా చదివినారు, ఆనందించుచున్నాను. కాని ఒక్క భేదమును విడిచిపెట్టితిరి. సురథుడును సమాధియు సమర్పించినది తమ దేహమునందలి రక్తము. తన్ను తాను ఇచ్చుకొనుట తపస్సు. నోరులేని మేకపోతును ఈడ్చుకొనివచ్చి దాని మెడ నఱకుట తపస్సు కాజాలదు. ఈ రెండింటికిని నడుమనున్న యగాధమును గుర్తించుటచేతనే మన పెద్దలు పశువునకు మాఱుగా కూష్మాండమును విధించిరి. ధర్మశాస్త్రము చెప్పినను వినని చోట రాజశాసనము చెప్పవలసివచ్చినది. మద్రాసు రాష్ట్రమున 1950లోనే దేవతల యెదుట జంతుపక్షిబలులను నిషేధించుచు చట్టము చేయబడినది. అయినను ఈ యూర ప్రతి జాతరకును ఆ వేపచెట్టుక్రింద నేల యెఱ్ఱబడుచునే యున్నది. బాల్యమున నొకసారి బలికి దెచ్చిన దున్నపోతు కన్నులను జూచి యింటికి వచ్చి మూడుపూటలు అన్నము ముట్టలేకపోతిని. ఆలయము వెలసి, అగ్నికార్యము జరిగి, సాత్త్వికనైవేద్యము నెలకొనెనా, ఆ కత్తి దానంతట నదియే యొఱలోనికి బోవును. ఇది మీకు సమ్మతము కాదా?

మాష్టారు: మేకపోతు ప్రాణమును రక్షింతుమన్నచో నేను మీ ప్రక్కనే నిలుతును; దాని పక్షమున వాదింపను, దానిని జంపుటకు నాకు మనసొప్పదు. కాని ఆ కత్తితోపాటు ఏమేమి యొఱలోనికి బోవునో కూడ మనము తెలిసికొనవలెను. మీరు ఆనాడు చూచినది దున్నపోతు కన్నులు. పొలిమేరను మీరు చూడలేదు. దేవరపోతు తల తెగిన రాత్రి, నెత్తుట గలిపిన అన్నమును తట్టలో నెత్తికెత్తుకొని, తోటివాడు ముందు నడువగా, పంబలవారు వాద్యము మ్రోయించుచుండగా, ఊరి నాలుగు దిక్కుల పొలిమేరలవెంట 'పొలి, పొలి' యని చల్లుకొనుచు తెల్లవాఱువఱకు దిరుగుదురు. ఏడాదియంతయు ఊరికి వెలుపల నుంచబడిన మనుష్యుడు ఆ యొక్క రాత్రి ఊరి హద్దులకు కావలిదారు. అతడు గీచిన గీత లోపలనే కరణము, మునసబు, మీ తాతగారు, మా తాతయు నిద్రించిరి. అది చాలినంత గౌరవమని నేననను. ఒక్క రాత్రి మర్యాదకు మూడువందల అరువదినాళ్ల యవమానము సరిపోవునా? కాని ఉన్న యొక్క రాత్రిని కూడ తీసివేయునప్పుడు, దానికి బదులుగా ఏమి యిచ్చుచున్నారని యడుగు హక్కు అతనికి గలదు. గుమ్మడికాయను గొట్టి కుంకుమనీళ్లతో పొలి చల్లినను అమ్మ స్వీకరించును. చాల గ్రామములలో నట్లే చేయుచున్నారు. మార్చవలసినది పశువు, మీ ప్రణాళికలో మాఱుచున్నది మనుష్యుడు. అగ్నికార్యమునకు వచ్చువారి పట్టికలో తోటి లేడు, పంబల లేడు, ఆసాది లేడు. మేకతోపాటు వారందఱును ఆలయప్రాంగణమునుండి వెడలిపోవుచున్నారు.

శాస్త్రి: ఆ పట్టికను నేను వ్రాయలేదు, చూచెదను. కాని మీ వాదమునకు మూలమునందే నాకొక సందేహము గలదు. ఈ పూజలన్నియు భయమునుండి పుట్టినవి. కలరా వచ్చినప్పుడొక యమ్మ, మశూచి వచ్చినప్పుడొక యమ్మ. మన దేశమున మశూచి 1975తో కడముట్టినది. రెండేండ్లకు దేశము దానినుండి విముక్తమైనదని ప్రకటించిరి. భయకారణము పోయిన తరువాత భయముతో గట్టిన పూజ మాత్రము ఏల మిగులవలెను? శ్రీవిద్యయందు మేము కొలుచు తల్లి ఆనందస్వరూపిణి. సౌందర్యలహరీకారుడు ఆమె ముందు నిలిచినప్పుడు వణకలేదు, పరవశించినాడు. ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మ ఒకప్పుడు మహోగ్రరూపిణియై యుండెననియు, శంకరభగవత్పాదులు శ్రీచక్రమును స్థాపించి శాంతింపజేసిరనియు సంప్రదాయము. నేడు దసరా దినములలో ఆమెను జూడ లక్షలకొలది జనము కొండ యెక్కుచున్నారు. మూలానక్షత్రమునాడు సరస్వతీరూపమున నలంకరించిన ఆ తల్లి ముందర పసిపిల్లలు పలకా బలపముతో నిలుచుచున్నారు. ఆ శాంతివలన నష్టపడినవా రెవరు? పోలేరమ్మయు నట్లే వ్యాధిదేవతగా గాక విద్యాదేవతగా, వరదాయినిగా వెలుగగూడదా?

మాష్టారు: కనకదుర్గమ్మకు నేనును ఏటేట మ్రొక్కువాడనే. కాని శాస్త్రిగారూ, భయము నీచమని మీ రంత త్వరగా నిర్ణయింపకుడు. వైద్యము లేని కాలమున బిడ్డకు ఒళ్లంతయు పొక్కులు లేచినప్పుడు మా యింటివా రేమి చేసిరో నేను కన్నులార జూచితిని. గుమ్మమునకు వేపమండలు కట్టిరి. పరులను లోనికి రానీయలేదు. పోపు వేయలేదు, తాలింపు వాసనను గడప దాటనీయలేదు. అరటియాకుపై బిడ్డను పరుండబెట్టి వేపరెమ్మతో విసరుచు 'తల్లీ, చల్లగా చూడుము' అని ఆ బిడ్డనే అమ్మగా సంబోధించిరి. ఎవరును ఆ బిడ్డను పాపి యనలేదు; పూర్వజన్మకర్మ యని యీసడింపలేదు. రోగి దేహమునందే దేవత వేంచేసియున్నదని తలచి, ఆమెకు చేయదగిన సపర్యలన్నియు ఆ దేహమునకు చేసిరి. అంటువ్యాధి సోకినవానిని జనులు వెలివేసి పాఱిపోవు లోకమున, ఇంతకంటె నాగరికమైన యాచారము నాకు గోచరింపదు. 1916లో మన దక్షిణదేశపు గ్రామదేవతలనుగూర్చి పుస్తకము వ్రాసిన మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ ఎన్నో జాతరల వివరములను భద్రపఱచినాడు, అందులకు మనము ఋణపడియున్నాము. కాని ఆయనకును ఇందు భయమే ప్రధానముగా కనబడినది. గుమ్మము వెలుపలనుండి చూచువారికి భయము కనబడును. లోపలివారికి బాధ్యత కనబడును.

ఇక రోగము పోయిన పిమ్మట అమ్మ ఏల యందురా? 1813లో హైదరాబాదు ప్రాంతమున కలరా చెలరేగినప్పుడు, సైన్యమున డోలీ మోయు సురిటి అప్పయ్య యను సామాన్యుడు ఉజ్జయినిలో నుండి తనవారికొఱకు మహాకాళికి మ్రొక్కుకొని, తిరిగివచ్చి 1815లో సికింద్రాబాదున కొయ్యవిగ్రహమును నిలిపెను. ఆ కలరా ఏనాడో పోయినది. బోనము పోలేదు. ప్రతి యాషాఢమునను స్త్రీలు క్రొత్తకుండలో అన్నము వండి, వేపరెమ్మలు చుట్టి, పైన దీపము వెలిగించి, తలపై మోసికొనివచ్చి అమ్మకు చూపుచున్నారు. మఱునాడు రంగమున, కాల్చని పచ్చికుండపై నొక స్త్రీ నిలిచి పలుకునప్పుడు, అధికారులును మంత్రులును చేతులు గట్టుకొని ఆమె మందలింపులను విందురు. ఏడాదిలో మఱి యే దినమునను ఆమెకు వారి యెదుట నోరు విప్పు నవకాశముండదు. మేడారము చూడుడు. అచ్చట విగ్రహమే లేదు. రెండేండ్లకొకమారు మాఘపూర్ణిమకు కోయపూజారులు చిలకలగుట్టకు బోయి, కుంకుమభరిణె రూపమున సమ్మక్కను దోడ్కొనివత్తురు; వెదురుకొయ్యలు నాటిన గద్దెలయెదుట లక్షలాది జనము తమ బరువునకు సరితూగు బెల్లమును 'బంగారము'గా నర్పింతురు. కాకతీయప్రభువుతో పోరాడినట్లుగా కోయలు చెప్పుకొను సమ్మక్కకును ఆమె కూతునకును ఏ పురాణమునందును చోటు లేదు. చోటు లేకపోవుటచేత వారికి వచ్చిన లోపమేది?

(మాష్టారు మేడారమును పేర్కొన్నప్పుడు శాస్త్రిగారు కొంతసేపు మాటలాడలేదు. ఇచ్చట నేనొక మాట చెప్పవలసియున్నది. గ్రామదేవతారాధనను వెనుకేసికొనివచ్చు విద్యావంతులు సాధారణముగా ఇంతటితో ఆగుదురు; వెన్నెలలో వేపచెట్టును, పసుపుముద్దను, దీపపు బోనమును వర్ణించి సంతుష్టులగుదురు. శాస్త్రిగారు వారిని అంతటితో ఆగనీయలేదు. అది వారి సత్యనిష్ఠకు నిదర్శనము.)

శాస్త్రి: మాష్టారూ, మీరు చూపినదంతయు సుందరమే. ఇక సుందరము కానిది నేను చూపవలసియున్నది. ఎల్లమ్మపేరిట, పోచమ్మపేరిట, పసిబాలికల మెడలో తాళిగట్టి దేవతకు పెండ్లిచేసితిమని చెప్పి, వయసు వచ్చిన పిమ్మట ఊరి పెద్దల పాలుచేసిన యాచారము కూడ ఈ వేపచెట్టు నీడనే పెరిగినది. జోగినియనుడు, బసివియనుడు, మాతమ్మయనుడు, పేరేదైనను ఆ బాలికలలో దాదాపు అందఱును మాలమాదిగల యింటిబిడ్డలే. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఈ పేర్లన్నియు నుదహరించి మఱీ నిషేధింపవలసివచ్చినది. జాషువా మహాకవి కుమార్తె హేమలతా లవణం నిజామాబాదు జిల్లాలో ఆ స్త్రీల గుడిసెలకు నడచిపోయి, వారికి వేఱొక బ్రదుకు చూపుటకు ఏండ్లతరబడి శ్రమించినారు. మీరు కాపాడవలెననుచున్న యీ యాచారములలో ఈ దురాగతమును ఒక హక్కుగానే చెప్పుకొనిరి, దేవత కోరినదనిరి, తరతరములదనిరి. పూనకమున పలుకు నోటికి శాస్త్రము లేదు, ప్రమాణము లేదు, అడుగువాడు లేడు. ఆగమము కనీసము ఇది తగును, ఇది తగదు అని వ్రాసిపెట్టినది. వ్రాసిన దానిని పట్టుకొని నన్ను నిలదీయవచ్చును. పూనకమును ఎవరు నిలదీయుదురు?

మాష్టారు: మీ రన్నదానిలో ఒక్క యక్షరమును నేను కాదనను. ఆ బాలికల కన్నీటికి సమాధానము చెప్పలేని దేవత యెవరైనను నాకు దేవత కాదు. కాని ఆ యాచారమును ఆపినదెవరు? ఆగమము కాదు. ఆ గుడిసెలకు నడచిపోయిన హేమలతమ్మగారు, 'ఇక చాలు' నని తెగించి ముందుకు వచ్చిన ఆ స్త్రీలే, వారికి తోడుగా చట్టము. ఆగమోక్తముగా నిత్యపూజలందుకొనిన మహాలయములలో దేవదాసులు లేకుండిరా? ముత్తులక్ష్మీరెడ్డిగారు మద్రాసు శాసనమండలిలో పోరాటము మొదలిడిన రెండు దశాబ్దములకు, 1947లో గదా, అచ్చటను చట్టము వచ్చినది! వ్రాసిపెట్టిన శాస్త్రము అన్ని శతాబ్దములు వారిని కాపాడలేదు. కావున పాపమునకు హద్దు వేపచెట్టునకును గోపురమునకును నడుమ లేదు, శాస్త్రిగారూ; అది రెండుచోట్లను ప్రవేశించినది, రెండుచోట్లనుండియు దానిని వెడలగొట్టవలసినదే. ఒకచోట దేవదాసీవ్యవస్థ పోయినను అర్చకుని హక్కు నిలిచినది. రెండవచోట జోగినీవ్యవస్థతోపాటు పూజారికుటుంబమే పోవలెననుట యే న్యాయము?

రేణుకయే యైన ఆ యెల్లమ్మ కథనే యొకమారు తలచుకొనుడు. తండ్రి యాజ్ఞచే పరశురాముడు తల్లి తల నఱకుట, వరముచే ఆమె మఱల జీవించుట మీ పురాణమునందు గలదు. బైండ్లవారు జమిడిక మ్రోయించుచు పాడు కథలో మఱియొకటి గలదు: రేణుక పరుగిడిపోయి మాదిగవాడలో నొక స్త్రీని కౌగిలించుకొనెను, కొడుకు గొడ్డలి ఇరువురి తలలను తెగవేసెను, బ్రదికించునప్పుడు తలలు తారుమాఱాయెను. మునిపత్ని తలకు మాదిగస్త్రీ దేహము, మాదిగస్త్రీ తలకు మునిపత్ని దేహము. పల్లె ఆ యిరువురిని మఱల విడదీసి యథాస్థానమునకు చేర్పలేదు, ఇరువురకును మ్రొక్కినది. ఈ కథ నిన్న మొన్న పుట్టినది కాదు. ఓరుగంటి వీథులను వర్ణించిన క్రీడాభిరామమునందే ఏకవీరాదేవి యెదుట నిలిచి వాద్యముతో పరశురాముని కథలు పాడు బవనీలు కనబడుచున్నారు. ఆలంపురమునందలి ప్రాచీనశిల్పములలో తలకు మాఱుగా తామరపువ్వు గల దేవీమూర్తి యున్నది. దానిని జూచినప్పుడెల్ల నాకీ కథయే స్ఫురించును. తల యెవరిదని అడుగక మ్రొక్కిన జాతి మనది. అట్టి కథను ఆరువందల యేండ్లు కాపాడినవారిని నేడు గడప వెలుపల నిలుపబోవుచున్నాము.

శాస్త్రి: గడపయందు మీరు మాటిమాటికి ఆగుచున్నారు. సరే, నేనును అచ్చటనే యడిగెదను. ఈ గోపురమునకు మొట్టమొదట చందా తెచ్చియిచ్చినదెవరో మీకు తెలియునా? హరిజనవాడ యువకులు. పట్టణములకు బోయి, కూలినాలి చేసి, కూడబెట్టిన ధనమును నా చేతిలో పోసి, 'రామాలయమునకు గోపురమున్నది, మా తల్లికి ఏల లేదు?' అని యడిగిరి. వారికి నేనేమి చెప్పవలెను? మీ తల్లికి ఎండయు వానయే శోభ, పండితులు వ్రాయు వ్యాసములకు చెట్టుక్రింది రాయియే ముచ్చట యని చెప్పవలెనా? మీరు చదువుకొని పైకి వచ్చితిరి. మీ యింటికి పెంకులు పోయి మిద్దె వచ్చినది. అమ్మ మాత్రము చెట్టుక్రిందనే యుండవలెనని శాసించుటకు మీకును నాకును అధికారమెక్కడిది?

మాష్టారు: ఈ ప్రశ్నయే నాలుగు నెలలుగా నన్ను నిద్రపోనీయుటలేదు. ఆ యువకులు అడిగినది న్యాయము. గోపురము కట్టుడు, నా పింఛనునుండియు ఇచ్చెదను. నే నడ్డుపడునది గోపురమునకు కాదు. ఆ యువకులు అడుగనిది, వారికెవరును చెప్పనిది ఒకటి గలదు. నేడు వారి తల్లి, చెల్లెలు, భార్య శుక్రవారమునాడు వచ్చి తమ చేతులతో ఆ శిలకు నీళ్లుపోసి, తమ చేతులతో పసుపు పూసి, బొట్టుపెట్టి, చెక్కిలి తాకించి తమ గోడు చెప్పుకొనుచున్నారు. మా కోడలు పూజారిణియే గాని, ఎవరి చేతిని అడ్డుకొనదు. రేపు ప్రాణప్రతిష్ఠ జరిగిన మఱుక్షణమునుండి ఆ విగ్రహమును తాకువాడు ఒక్కడే యుండును. వాడు వారిలోనివాడు కాడు, మాలోనివాడును కాడు. వారు తమ కూలిడబ్బుతో తల్లికి ఇల్లు కట్టి, ఆ యింటి గుమ్మమువద్ద నిలిచి, తల్లిని దూరమునుండి చూడవలసివచ్చును. గోపురమును గుఱించి వారిని మీరడిగితిరి. ఈ విషయమును గుఱించి అడిగితిరా? జాతరనాడు మా కోడలికి అమ్మ పూనినప్పుడు ఆమె యెచ్చట నిలిచి పలుకవలెనో శిల్పి గీచిన పటములో నేను వెదకితిని. యాగశాల యున్నది, వంటశాల యున్నది, కార్యాలయమున్నది, చెప్పులు విడుచు స్థలము కూడ నున్నది. ఆమెకు చోటు లేదు.

శాస్త్రి: స్పర్శవిషయమున ఆగమము కఠినమైనదే. ఐనను సత్యము దాచరాదు. శ్రీశైలమున మల్లికార్జునస్వామిని సకలవర్ణములవారును స్వహస్తములతో స్పృశించుచున్నారు, తలను ఆనించుచున్నారు. కాశీవిశ్వేశ్వరునియెడలను భక్తులకు అట్టి చనువు గలదు. వాటి పవిత్రతకు దానివలన లోపము వచ్చినదని యే పండితుడును చెప్పలేదు. కావున పాతశిలను కదలింపక గర్భాలయముననే యుంచి, క్రొత్తవిగ్రహమును దాని వెనుక నిలిపి, శిలకు మాత్రము స్పర్శను నిషేధింపకుండునట్లు చేయవచ్చునని నేను వ్రాసియీయగలను. దానికి నాకు ప్రమాణబలము గలదు. మీ కోడలి పూజాహక్కును ప్రతిష్ఠాపత్రికయందే చేర్పింతును. కాని బలివిషయమున నేను ఒక్క యడుగును వెనుకకు వేయను. ఆ ప్రాంగణమున, ఆ పొలిమేరయందు, ఏ మూలనైనను కత్తి యెత్తిరని వినిన దినమున నేను పీటనుండి లేచి పోవుదును. పూనకమందురా, దానిని నేను ఆలయవిధిలో చేర్పజాలను. నియమము లేని వాక్కును దేవతావాక్కుగా అంగీకరించుటకు నా యుపాసన యొప్పుకొనదు.

మాష్టారు: బలివిషయమున ఊరిని ఒప్పించు భారము నాది, ఒప్పుకొందురని ప్రమాణము చేయను, నా శక్తికొలది చెప్పెదను. పూనకముమాట మాత్రము ఇంకొకసారి యాలోచింపుడు. మీరు మొట్టమొదట పేర్కొన్న ఆ సూక్తమునందు పలికినదెవరు? అంభృణుని కూతురు, ఒక స్త్రీ. ఆమె దేవతను స్తుతింపలేదు. తానే దేవతయై 'నేను' అని పలికినది. ఆమెకు ఆనాడు ఏ గురువు అనుమతి యిచ్చెను? ఏ నియమముచేత ఆ వాక్కును పరీక్షించిరి? సికింద్రాబాదున పచ్చికుండపై నిలుచు స్త్రీయు, ఈ యూర వేపచెట్టుక్రింద జుట్టు విరబోసికొని నిలుచు మా కోడలును, అట్లే 'నేను' అని పలుకుచున్నారు. ఒకరి పలుకు వేదమైనది. ఒకరి పలుకునకు శిల్పిపటమున నాలుగడుగుల చోటు దొరకలేదు. రెండును సమానమని నేను మిమ్ము నొప్పుకొనుమనుట లేదు. ప్రతిష్ఠనాడు ఆ సూక్తమును మీరే పఠింపుడు, మా కోడలు దానిని గర్భాలయములో నిలిచి వినును. అంతవఱకే కోరుచున్నాను.

శాస్త్రి: గడప లోపలనుండియా?

మాష్టారు: లోపలనుండియే. ఘటము తలపైనుండగా.

శాస్త్రి: పఠించుటకు నాకు అభ్యంతరము లేదు. కాని నాతో వచ్చు ఋత్విక్కులు పదుమూడుగురు. వారిలో ఇరువురు నా శిష్యులు, మిగిలినవారు తెనాలినుండియు గుంటూరునుండియు రావలసినవారు. ఆమె లోపలనుండగా మంత్రము చెప్పజాలమనువారు వారిలో నుందురు. వారికి ముందుగానే ఉత్తరములు వ్రాసెదను. రాజాలమనువారి స్థానమున వేఱువారిని వెదకవలసియుండును. మీరు కోడలిని అడిగితిరా, ఆమెకు సమ్మతమేనా?

మాష్టారు: అడిగితిని. 'ఆ పంతులుగారు పలుకునది నాకు తెలిసినట్లు అర్థము చెప్పిన పిమ్మట నిలుచుందును' అన్నది.

శాస్త్రి: శుక్రవారము పూజ ముగియగానే రమ్మనుడు. వేపచెట్టుక్రిందనే కూర్చుండి చెప్పెదను.